సెకన్ల ముల్లు రెండేసి గీతలు దూకితే

సెకనుకో గీత చొప్పున నడిచే ముల్లు ఒకరోజు ఉన్నచోటే ఆగి, రెండో సెకనుకు ఒక్కసారిగా రెండు గీతలు దూకుతుంది. మళ్లీ ఆగుతుంది, మళ్లీ దూకుతుంది. సోలార్ వాచీ పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఇది చూసి వాచీ పాడైందనుకుంటారు. నేరుగా రిపేరు షాపుకు తీసుకెళ్తారు. షాపులో వెనక మూత తీస్తారు. నీళ్లూ దుమ్మూ చేరకుండా ఫ్యాక్టరీలో బిగించిన మూత అలా అవసరం లేకుండానే ఊడుతుంది.

ఆ వాచీకి ఏమీ కాలేదు. కాస్త పరీక్షగా చూస్తే అది చూపించే టైము కూడా సరిగ్గానే ఉంటుంది. రెండు సెకన్లకు రెండు గీతలు, లెక్కలో తేడా ఏముంది? సెకనుకు ఒకటి చొప్పున మోటారుకు ఇవ్వాల్సిన రెండు తోపులను లోపలి చిప్పు కావాలనే ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే ఇస్తోంది. నిల్వ ఉన్న కరెంటు అడుగంటింది, వెలుతురులో పెట్టమని చెప్పడానికి దానికి వేరే దారి లేదు. మాటలు కనిపించే తెర లేదు, ఎర్రదీపం లేదు. ఉన్నవల్లా మూడు ముళ్లు. అందులో అందరి కంటా పడేది సెకన్ల ముల్లు.

సిటిజన్, సీకో సోలార్ వాచీల్లో చాలావాటికి ఈ సైగ ఒకటే. దీన్ని గుర్తుపట్టడం తెలిస్తే సోలార్ వాచీల కష్టాల్లో పెద్ద భాగం ఇంట్లోనే తీరిపోతుంది. ముల్లు చెప్పేది ముందు చదవాలి, మూత జోలికి ఆ తర్వాతే పోవాలి. ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. అయితే ముల్లు ఎందుకు అలా కదులుతుందో తెలియాలంటే డయల్ కింద ఏం జరుగుతోందో చూడాలి.

డయల్ కింద

మామూలు క్వార్ట్జ్ వాచీకీ సోలార్ వాచీకీ కాలాన్ని కొలిచే భాగంలో తేడా ఏమీ లేదు. రెండింట్లోనూ శృతిదండం ఆకారంలో కోసిన చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనిపెట్టారు. దానికి తిరగేసిన ధర్మం కూడా ఉంది, విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. వాచీలోని ముక్క సెకనుకు 32,768 సార్లు కంపించేలా కోసి ఉంటుంది. ఎందుకు ఆ సంఖ్యే అంటే, దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. చిప్పు చేసే పని అదే, సగం చేస్తూ చేస్తూ చివరికి సెకనుకు ఒక్క తోపును మిగల్చడం. ఆ తోపు జుట్టు కన్నా సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్‌లోకి పోతుంది. పక్కనే ఉన్న బుల్లి అయస్కాంతపు రోటర్ అరచుట్టు తిరుగుతుంది, పళ్లచక్రాల మీదుగా ముల్లు ఒక గీత జరుగుతుంది. ఈ స్టెప్పర్ మోటారు పద్ధతికి మూలపురుషుడు ఫ్రెంచి ఇంజనీరు మారియస్ లావే, అది 1936 నాటి మాట. క్వార్ట్జ్ చేతి గడియారం పుట్టకముందే దాని మోటారు పుట్టిందన్నమాట. మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి గడియారం సీకో ఆస్ట్రాన్ 1969 డిసెంబరు 25న జపాన్ మార్కెట్లోకి వచ్చింది.

తేడా అంతా కరెంటు వచ్చే దారిలో ఉంది. మామూలు వాచీలో సిల్వర్ ఆక్సైడ్ గుండీ సెల్లు ఉంటుంది, అయిపోతే పారేసి కొత్తది వేస్తాం. సోలార్ వాచీలో డయల్ కింద కాంతిఘటం, దాని వెనక మళ్లీ మళ్లీ చార్జి అయ్యే లిథియం జాతి సెల్లు ఉంటాయి. పగలు ఘటం నుంచి సెల్లులోకి కరెంటు పారుతుంది. చీకట్లో అది వెనక్కి పారిపోకుండా అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. సెల్లు నిండాక ఇంకా కుక్కకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంటుంది. కాబట్టి ఎక్కువసేపు వెలుతురులో ఉంచితే సెల్లు పొంగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది వేడికి, ఆ సంగతి తర్వాత.

సిలికాన్‌తో పనికొచ్చే సౌరఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ తయారుచేశారు. ముళ్ల వాచీలోకి అది 1976లో సిటిజన్ క్రిస్ట్రాన్ సోలార్ సెల్ అనే మోడల్‌తో వచ్చింది. అందులో ఘటాలు డయల్ మీదే బయటికి కనిపించేవి. అప్పటి వాచీని చూస్తే ముందు పలకలు కనిపిస్తాయి, టైము ఆ తర్వాత. మామూలు డయల్‌లా కనిపిస్తూనే కిందికి వెలుతురు వదిలే డయల్, దాని కింద దాగిన ఘటం, ఈ కూర్పుతో సిటిజన్ ఎకో-డ్రైవ్ 1995లో వచ్చాక సోలార్ వాచీ నలుగురూ పెట్టుకునే వాచీ అయింది. వాచీ అందంగా ఉండాలన్న పట్టుదల ఇంజనీర్ల చేత ఎంత కష్టమైన పని చేయించిందో చూడండి. డయల్ ఎంత దట్టంగా ఉంటే అంత అందం, ఎంత పలచగా ఉంటే అంత కరెంటు. పైన పడిన వెలుతురులో కొంత భాగమే ఘటం దాకా చేరుతుంది. ఆ కాస్తతోనే ఏడాది పొడవునా నడిపిస్తున్నారు.

మన దేశంతో ఈ కథకు ఒక పాత బంధం ఉంది. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ చేతి గడియారాల తయారీ మొదలైంది సిటిజన్ సహకారంతోనే. తర్వాత హైదరాబాద్ ఆల్విన్ వాచీలు సీకో సహకారంతో వచ్చాయి. సోలార్ వాచీల్లో ముందున్న రెండు జపాన్ కంపెనీల చేతిపని, వాటి పేరు పెద్దగా తెలియకుండానే మన నాన్నల తరం మణికట్టు మీదికి చేరింది.

లెక్కలు

వాచీ తినే కరెంటు ఎంతో తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఆరు నెలల నిల్వ ఉంటుందని చెప్పే మూడు ముళ్ల సోలార్ వాచీలో వాడే ఒక రకం చార్జింగ్ సెల్లు, ఎంటీ 621, సామర్థ్యం సుమారు 2.5 మిల్లీయాంప్ అవర్లు. మామూలు వాచీల్లో వేసే 626 రకం గుండీ సెల్లు సామర్థ్యంలో ఇది పదో వంతు కూడా కాదు. ఆరు నెలలంటే దాదాపు 4,400 గంటలు. భాగిస్తే గంట గంటకూ వాడేది ఒక మైక్రోయాంపియర్‌లో సగం కన్నా కాస్త ఎక్కువ. వోల్టేజి ఒకటిన్నర. అంటే వాచీ నడవడానికి కావలసింది ఒక వాట్‌లో పది లక్షల వంతు కన్నా కొంచెం తక్కువే. ఇంట్లో వెలిగే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక గంటలో ఖర్చుచేసే శక్తితో, లెక్క ప్రకారం, అలాంటి వాచీ వెయ్యేళ్లకు పైగా నడవాలి.

ఇంత తక్కువ తినేది మరి ఎందుకు ఆగిపోతుంది? రాబడి కూడా అంతే తక్కువ కనక. ఇక్కడే మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్స్. మబ్బు పట్టిన రోజు ఆరుబయట సుమారు 10,000. బాగా దీపాలు వేసిన ఆఫీసులో 500. రాత్రిపూట ట్యూబ్‌లైట్ వేసిన మన ముందుగదిలో ఇంకా తక్కువ, 100 నుంచి 200. కంటిపాప ముడుచుకుని, విప్పారుకుని, మెదడు సర్దిచెప్పుకుని, ఈ తేడాలను మనకు తెలియనివ్వదు. ఆఫీసు గది మనకు వెలుతురుగానే కనిపిస్తుంది. ఘటానికి మాత్రం అది ఎండలో రెండువందల వంతు.

కంపెనీలు ఇచ్చే పట్టికలు చూస్తే ఈ తేడా నిమిషాల్లో కనిపిస్తుంది. ఒక మూడు ముళ్ల వాచీకి ఒక రోజు నడకకు సరిపడా కరెంటు ఎండలో రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది. మబ్బు వెలుతురులో పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆఫీసు దీపాల కింద మూడు నాలుగు గంటలు. రోజంతా ఆఫీసులో చొక్కా చెయ్యి మడిచి కూర్చునేవారికి ఇది చాలు. పూర్తి చేతుల చొక్కా వేసుకుని, ఏసీ గదిలో కర్టెన్లు దించుకుని పనిచేసేవారికి చాలదు. వాళ్ల వాచీ రోజూ కాస్త కాస్త నిల్వలోంచి తీసుకుంటూ, నెలల తర్వాత ఒకరోజు రెండేసి గీతలు దూకడం మొదలుపెడుతుంది.

చొక్కా చెయ్యి చేసే నష్టం మనం అనుకునేదానికన్నా ఎక్కువ. చాలా డయళ్ల కింద ఘటం ఒకే ముక్క కాదు, నాలుగు ముక్కలు. కొన్ని వాచీల డయల్‌ను ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ నాలుగు ముక్కల మధ్య శిలువలాంటి గీత లీలగా కనిపిస్తుంది. ఒక్కో ముక్క ఇచ్చే వోల్టేజి అర వోల్టు చిల్లర. ఒకటిన్నర వోల్టుల సెల్లును నింపాలంటే అది చాలదు. అందుకే నాలుగింటినీ వరసలో కలుపుతారు. వరసలో కలిపినప్పుడు అన్నింట్లోంచీ ఒకే కరెంటు పారాలి. మట్టి తట్టలు చేతులు మార్చుకుంటూ అందించే నలుగురిలో ఒకరు నెమ్మదిస్తే వరస అంతా నెమ్మదించినట్టే, నాలుగు ముక్కల్లో ఒకటి నీడలో ఉంటే మిగతా మూడూ ఎండలో ఉన్నా రాబడి పడిపోతుంది. కాబట్టి డయల్ సగం కప్పిన చొక్కా చెయ్యి సగం కన్నా చాలా ఎక్కువే తగ్గిస్తుంది. వాచీని కిటికీలో పెట్టేటప్పుడు డయల్ మొత్తం వెలుతురు వైపు తిరిగి ఉండాలని చెప్పేది అందుకే.

ఎక్కడ పెట్టాలన్నది మన ఊళ్లలో జాగ్రత్తగా ఆలోచించాల్సిన ప్రశ్న. యూరప్ చలికాలంలో రాసుకున్న సలహా రోహిణి కార్తెలో మనకు పనికిరాదు. వెలుతురు కావాలి, వేడి వద్దు. 60 డిగ్రీల సెల్సియస్ దాటే చోట చార్జింగ్ పెట్టవద్దని కంపెనీలే చెబుతాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. డాబా మీద సిమెంటు గచ్చు, రేకుల కప్పు కూడా అంతే. వేడికి సెల్లు త్వరగా ముసలిదవుతుంది, రబ్బరు రింగులు బిరుసెక్కుతాయి. వేసవిలో నేను మెచ్చే చోటు ఉదయపు ఎండ పడే తూర్పు కిటికీ, ఎనిమిదిన్నర తొమ్మిది దాకా. ఆ తర్వాత కిటికీ దగ్గరే నీడలోకి జరిపినా కొన్ని వేల లక్స్ అందుతూనే ఉంటాయి. దీపం కింద పెట్టి నింపాలనుకునేవారు పాతరకం ఫిలమెంటు బల్బును దగ్గరగా పెట్టకూడదు. అది ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం వేడే. ఎల్ఈడీ టేబుల్ ల్యాంపు నయం.

పూర్తిగా ఆగిపోయిన వాచీ సంగతి వేరు. దానికి ఒక రోజు నడక కాదు, మొత్తం నిల్వ కావాలి. నిండు ఎండలోనైనా అది మోడల్‌ను బట్టి పది గంటల నుంచి కొన్ని పదుల గంటల దాకా పడుతుంది. గదిలోని దీపాలతోనైతే కొన్ని వందల గంటలు. ఒక పూట కిటికీలో పెట్టి, ముల్లు కదలగానే చేతికి పెట్టుకుని, మర్నాడు ఆగిపోయిందని బాధపడేవాళ్లు ఎక్కువ. వాళ్ల వాచీ మంచిదే, ఇంకా నిండలేదు. రోజూ కొంతసేపు చొప్పున వారం పది రోజులు వెలుతురు చూపించాకే తీర్పు చెప్పాలి.

టైము పెట్టడం

నింపడం ముందు, టైము పెట్టడం తర్వాత. ఈ వరస తప్పితే పెట్టిన టైము మళ్లీ పోతుంది. ఆగిన వాచీ కాస్త కరెంటు అందగానే నడుస్తుంది గానీ, తను ఆగి ఎంతసేపైందో దానికి తెలియదు. సిటిజన్ మోడళ్లలో దీనికి మరో సైగ ఉంది. ముల్లు సమంగా రెండేసి గీతలు దూకకుండా, ఎగుడుదిగుడుగా, తాళం తప్పినట్టు కదులుతుంది. అంటే కరెంటు అందుతోంది, టైము మాత్రం తప్పు, సరిచేయండి అని. టైము సరిచేసేదాకా అది అలాగే నడుస్తుంది. సమంగా దూకడం, ఎగుడుదిగుడుగా కదలడం, ఈ రెండూ వేరువేరు మాటలు. మొదటిదానికి వెలుతురు కావాలి, రెండోదానికి టైము సరిచేయాలి.

తేదీ ఉన్న మూడు ముళ్ల వాచీలో పక్కనున్న కీని ఒక మెట్టు లాగితే తేదీ, రెండో మెట్టు లాగితే ముళ్లు. మరలు బిగించిన కీ అయితే ముందు ఎడమకు తిప్పి వదులు చేయాలి. లాగే ముందు ఒక సంగతి ఆలోచించాలి. డయల్ మీద పన్నెండు గంటలే ఉన్నాయి, రోజుకేమో ఇరవైనాలుగు. ముళ్లు చూపించే పది పగటిదో రాత్రిదో చూస్తే తెలియదు. అది తేల్చేది తేదీ పళ్లెమే. అందుకని కీని రెండో మెట్టుకు లాగి ముళ్లను ముందుకు తిప్పుతూ పోవాలి. తేదీ మారిన చోట అర్ధరాత్రి. ఇక అక్కడి నుంచి లెక్క. ఇప్పుడు సాయంత్రం ఏడైతే, ఆ పన్నెండు దాటించి, మధ్యాహ్నం పన్నెండు కూడా దాటించి ఏడుకు తేవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు తేదీ మారుతున్న వాచీ చెడిపోలేదు, పన్నెండు గంటలు అటో ఇటో పెట్టారంతే.

తేదీని విడిగా తిప్పడానికి కూడా వేళ ఉంది. ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడు నాలుగుకీ మధ్య చూపిస్తున్నప్పుడు తేదీని మొదటి మెట్టులో తిప్పకూడదు. ఆ వేళ చక్రం మీది వేలులాంటి ముక్క తేదీ పళ్లెం పంటిని పట్టుకుని నెమ్మదిగా నెడుతూ ఉంటుంది. అదే సమయంలో మనం కీతో బలవంతంగా తిప్పితే రెండూ ఢీకొంటాయి. చాలా మూమెంట్లలో ఆ చక్రాలు ప్లాస్టిక్‌వి. పన్ను వంగితే ఆ తర్వాత తేదీ మారకుండా మొరాయిస్తుంది, లేదా రెండు తేదీల మధ్య ఇరుక్కుంటుంది. ముళ్లను ఆరు దగ్గరికి తెచ్చి, నిన్నటి తేదీ పెట్టి, ఆపైన ముళ్లను ముందుకు తిప్పి ఇవాళ్టిలోకి తేవడం క్షేమమైన పద్ధతి. ముప్పై ఒకటి లేని నెలలు ఏడాదికి ఐదు కనక, మార్చి, మే, జులై, అక్టోబరు, డిసెంబరు ఒకటో తేదీల్లో ఈ పని తప్పదు.

సెకన్లు కూడా కలవాలంటే సెకన్ల ముల్లు సరిగ్గా పన్నెండు మీదికి వచ్చిన క్షణాన కీని లాగాలి. ముల్లు అక్కడే ఆగుతుంది. ఇక నిమిషాల ముల్లు. దీన్ని కావలసిన నిమిషం కన్నా నాలుగైదు నిమిషాలు ముందుకు పోనిచ్చి, వెనక్కి తెచ్చి సరైన గీత మీద నిలపమని సీకో వాళ్ల పుస్తకాలు చెబుతాయి. చాదస్తంలా కనిపించే ఈ మాటకు మంచి కారణం ఉంది. పళ్లచక్రాలు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోకుండా పళ్ల మధ్య రవ్వంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ తప్పు వైపు మిగిలిపోతే, కీ నొక్కాక సెకన్ల ముల్లు కదులుతున్నా నిమిషాల ముల్లు కాసేపు ఉన్నచోటే ఉంటుంది. తర్వాత చూస్తే సెకన్ల ముల్లు పన్నెండు మీద ఉన్నప్పుడు నిమిషాల ముల్లు రెండు గీతల మధ్య నిలబడుతుంది. ముందుకు పోయి వెనక్కి వస్తే ఆ ఖాళీ సర్దుకుంటుంది. ఫోన్లో సెకన్లు చూసుకుంటూ సున్నా పడగానే కీ నొక్కితే సరి. మర ఉన్న కీ అయితే మళ్లీ బిగించాలి. వదిలేసిన కీ గుండా చెమట, వాన లోపలికి పోతాయి.

ఇలా పెట్టిన వాచీ నెలకు 15 సెకన్ల లోపు తేడాతో నడుస్తుందని చాలా మోడళ్లకు కంపెనీ హామీ, మామూలు వాతావరణంలో చేతికి పెట్టుకుంటేనే. చేతికి పెట్టుకోవడం ఇక్కడ ముఖ్యం. శృతిదండం ఆకారపు క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర తన సహజ వేగంతో కంపిస్తుంది. అంతకన్నా చల్లబడినా, వేడెక్కినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల దగ్గర రోజుకు ఒక సెకను పైగా వెనకపడుతుంది. మణికట్టు మన శరీరపు వేడిని పట్టి ఉంచుతుంది కనక వాచీ అటూ ఇటూ ఎక్కువ పోదు. వేసవిలో బీరువాలో పెట్టి తీసిన వాచీ నెమ్మదించిందంటే అది స్ఫటికం స్వభావమే.

ఏది జబ్బు, ఏది కాదు

పన్నెండు మీద సెకన్ల ముల్లు కదలకుండా నిలబడి ఉందనుకోండి. కరెంటు పొదుపు ఏర్పాటు ఉన్న మోడల్ అయితే అది నిద్ర. చాలాకాలం చీకట్లో ఉన్న వాచీ ముళ్లను ఆపేసి, లోపల లెక్క మాత్రం పెట్టుకుంటూ ఉంటుంది. వెలుతురు తగలగానే ముళ్లు గిరగిరా తిరిగి సరైన టైముకు వస్తాయి. ఆ ఏర్పాటు లేని వాచీలో అదే దృశ్యానికి అర్థం నిల్వ అయిపోయిందని. మీ వాచీ ఏ రకమో తెలియాలంటే వెనక మూత మీద చెక్కిన సంఖ్య చూడాలి. సిటిజన్, సీకో వాచీల్లో మొదటి నాలుగు అక్షరాలు లోపలి మూమెంట్ నంబరు. డబ్బా మీది మోడల్ పేరు కన్నా ఈ నంబరే ఎక్కువ పనికొస్తుంది, దానితోనే సరైన సూచనల పుస్తకం దొరుకుతుంది.

ముల్లు సెకనుకో గీత చక్కగా నడుస్తోంది, అయినా తెల్లారేసరికి వాచీ ఐదో పదో నిమిషాలు వెనక ఉంది. రెండేసి దూకుడు లేదు కాబట్టి కరెంటు కొరత కాదు. అప్పుడు చూడాల్సింది రాత్రి వాచీ పక్కన ఏం పెట్టారన్నది. ఫోన్ స్పీకరు, ఫోన్ కవరు మూతలోని అయస్కాంతం, చేతిసంచి గుండీ, ఇయర్‌బడ్స్ డబ్బా, అన్నింట్లోనూ అయస్కాంతాలే. వాచీ మోటారులోని రోటర్ కూడా ఒక బుల్లి అయస్కాంతమే కనక బయటి అయస్కాంతం దాన్ని కదలనివ్వకుండా పట్టేస్తుంది. దూరంగా జరిపితే వాచీ మళ్లీ మామూలుగా నడుస్తుంది, పోయిన నిమిషాలు మాత్రం మనమే కలపాలి. జానెడు దూరం చాలు.

స్టాప్‌వాచ్ ఉన్న వాచీలో చిన్న ముల్లు సున్నాకు రాకుండా ఒకటి రెండు గీతల అవతల ఆగుతుంటే గట్టి దెబ్బో, అయస్కాంతమో, స్టాటిక్ విద్యుత్తో కారణం కావచ్చు. దాన్ని తిరిగి సున్నాకు తెచ్చే పద్ధతి ఆ మూమెంట్ పుస్తకంలో ఉంటుంది. అద్దం లోపల ఆవిరి పట్టి ఎండగానే పోకుండా ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. తేమ చక్రాలను తుప్పు పట్టిస్తుంది. మూత తీయక తప్పని సందర్భం అది.

అమెరికా నుంచో జర్మనీ నుంచో పిల్లలు తెచ్చిన వాచీ అక్కడ సెకను తప్పకుండా నడిచి, ఇక్కడికి వచ్చాక మామూలు వాచీ అయిపోయిందని కొందరు పెద్దలు దిగులుపడతారు. అది రేడియో సంకేతంతో తనంతట తానే సరిదిద్దుకునే రకం. ఆ సంకేతాలు పంపే స్టేషన్లు అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్, జర్మనీలో మైన్‌ఫ్లింగెన్, ఇంగ్లాండులో ఆంథార్న్, జపాన్‌లో రెండు, చైనాలో ఒకటి ఉన్నాయి. వాటిలో ఏదీ హైదరాబాదుకో విశాఖకో నమ్మకంగా అందదు. భారత ప్రామాణిక కాలాన్ని కాపాడేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. కానీ ఈ వాచీలు వినగలిగే దీర్ఘతరంగ ప్రసారం మన దేశంలో లేదు. నగరాల జాబితాలో ఢిల్లీని సూచించే డీఈఎల్ ఎంచుకుంటే ఐదున్నర గంటల తేడా సరిపోతుంది, నిమిషాలూ సెకన్లూ చేత్తో కలుపుకోవాలి. వాచీలో లోపమేమీ లేదు.

సెల్లు మార్చాల్సి వస్తే

పది రోజులు ఎండ చూపించినా, రాత్రి చీకట్లో పెడితే రెండు మూడు రోజులకే ముల్లు దూకుడు మొదలవుతుంటే, అప్పుడు సెల్లు నిల్వ పట్టడం లేదని నిర్ధారించుకోవచ్చు. ఈ సెల్లుకు మార్పిడి అవసరం రాదని కంపెనీలు అంటాయి. రోజూ పెట్టుకునే వాచీ విషయంలో అది చాలావరకు నిజమే. ఏళ్ల తరబడి డబ్బాలో, బీరువాలో పడి ఉన్న వాచీ విషయంలో కాదు. పూర్తిగా ఖాళీ అయి అలాగే ఉండిపోవడం ఈ జాతి సెల్లుకు అన్నిటికన్నా పెద్ద హాని. పెళ్లికి వచ్చిన వాచీ దాచుకోవాలనుకుంటే డబ్బాలో కాకుండా గోడ అలమారా అద్దం వెనక, డయల్ గది వైపు ఉండేలా పెట్టండి.

షాపులో అడగాల్సిన మాట ఒకటుంది. దానిమీద పట్టుబట్టాలి. వేసేది చార్జింగ్ సెల్లేనా? కొలతలు ఒకటే అయితే మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు ఆ గుంటలో చక్కగా కూర్చోవచ్చు, వాచీ నడవవచ్చు కూడా. కానీ ఘటం దాన్ని చార్జి చేయబోతుంది. చార్జింగ్ కోసం తయారుకాని సెల్లు కారిపోవచ్చు, వేడెక్కి పగలవచ్చు. సీకో వాళ్లు దీన్ని తమ పుస్తకాల్లో గట్టి హెచ్చరికగానే ఇస్తారు. కారిన రసాయనం సర్క్యూట్‌ను తినేస్తే ఆ వాచీ ఇక బాగుపడదు. అసలు సెల్లుకు రేకు కాళ్లు వెల్డింగ్ చేసి ఉంటాయి. ఆ కాళ్లతో సహా, ఆ మూమెంట్‌కు చెప్పిన నంబరు సెల్లే కావాలి. తీసిన పాత గుండీ సెల్లును పిల్లలకు అందేచోట వదలకూడదు, మింగితే ప్రాణాపాయం.

కొత్త సెల్లు వేశాక కూడా వాచీ కదలకపోతే షాపులో తల పట్టుకోవడం మామూలే. సీకో సోలార్ మూమెంట్లలో సర్క్యూట్ మీద ఏసీ అని రాసిన చిన్న చుక్క ఉంటుంది. సెల్లు మార్చిన తర్వాత చిమటా కొనతో ఆ చుక్కనూ సెల్లు ప్లస్ వైపునూ కాసేపు కలిపి చిప్పును మొదటికి తేవాలి. ఈ ఒక్క పని చేయక, సెల్లు బాగానే ఉన్నా సర్క్యూట్ పోయిందని తేల్చేసిన వాచీలు ఉంటాయి. అది చేశాక ముల్లు కదలకపోతే అప్పుడు మీటరు తీసి కాయిల్ తెగిందేమో చూడాలి. మూత తీసేటప్పుడు స్క్రూడ్రైవరు జారితే ముందు తెగేది ఆ తీగే. తెగితే కాయిల్ ఉన్న సర్క్యూట్‌నో, మూమెంట్ మొత్తాన్నో మార్చాలి. అది కంపెనీ సర్వీసు సెంటరులో జరగాల్సిన పని. వెళ్లేటప్పుడు వాచీతోపాటు మూమెంట్ నంబరు, సెల్లు ఎప్పుడు మార్చారో ఆ తేదీ, ముల్లు ఆగేముందు ఎలా కదిలిందో ఒక చీటీ మీద రాసి తీసుకెళ్లండి.